ఉత్తరం ఎక్కడ ఆగింది: సొంత మెయిలింగ్ లిస్టు సర్వర్‌తో నా అనుభవం

పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళం రెండు వందల పైచిలుకు మందిమి ఏళ్ళ తరబడి మెయిలింగ్ లిస్టులోనే, అంటే ఒక్క అడ్రసుకు రాస్తే సభ్యులందరికీ మెయిల్ చేరే ఏర్పాటులోనే, మాట్లాడుకుంటున్నాం. పానగల్లు గుళ్ళ గురించో, అలంపురం శాసనాల గురించో, ఏదో చెరువు కట్ట మీద బోర్లా పడి ఉన్న వీరగల్లు గురించో ఒకరు రాస్తారు. ఇంకొకరు తప్పు పడతారు. మూడో ఆయన మర్నాడు పొద్దున్నే బండేసుకొని వెళ్ళి ఫొటో తీసి పంపుతాడు. సభ్యుల్లో సగానికి సగం రిటైరైన టీచర్లు. వాట్సాప్ గ్రూపు పెట్టుకోరాదా అని అడగనివాళ్ళు లేరు. అదీ పెట్టాం. గుడ్ మార్నింగులు, పండుగ శుభాకాంక్షలు కావాలంటే కుప్పలుగా దొరుకుతాయి గానీ, మూడేళ్ళ కింద ఎవరు ఏ శాసనాన్ని ఎట్లా చదివారో అందులో వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

మొదట్లో యాహూ గ్రూప్స్‌లో ఉండేవాళ్ళం. 2020 డిసెంబర్ 15న ఆ సర్వీసు మొత్తంగా మూతపడింది. పాత సందేశాలు అంతకు ఏడాది ముందే తీసేశారు. ఒక సారు ముందుచూపుతో అన్నీ దించి పెట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ దెబ్బకు "మనదంటూ ఒక సర్వర్ ఉండాల్సిందే" అని పెద్దలు పట్టుబట్టారు. సభ్యుల్లో ఒకాయన చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని మెయిల్‌మాన్ 2 (మెయిలింగ్ లిస్టులు నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి కొన్నాళ్ళు నడిపాడు. ఆయన ఉద్యోగం మీద దేశం దాటాక తాళంచెవులు నాకొచ్చాయి. గడియారం సెంటర్ దగ్గర నాది కంప్యూటర్ రిపేరు షాపు. లినక్స్ అంటే భయం లేదు. మెయిల్ సర్వర్ వేరే లోకం అని తర్వాత తెలిసింది.

పాత సాఫ్ట్‌వేర్‌తోనే ఇంకొన్నాళ్ళు నెట్టుకొచ్చే వీలు లేదు. మెయిల్‌మాన్ 2 నడిచేది పైథాన్ 2 మీద. దానికి 2020 జనవరి 1తోనే సపోర్టు ముగిసింది. డెబియన్ అనే లినక్స్‌లో 11వ వెర్షన్ నుంచి ఆ ప్యాకేజీనే తీసేశారు. అందుకని కొత్త అద్దె మెషీన్ మీద డెబియన్ 12, పోస్ట్‌ఫిక్స్ (మెయిళ్ళు తీసుకుని, బయటికి పంపే ప్రోగ్రాం), మెయిల్‌మాన్ 3 పెట్టాం. డబ్బు ఎందుకు దండగ, షాపులో పాత డెస్క్‌టాప్ మీద నడపరాదా అని కొందరన్నారు. కరెంటు సంగతి ఇన్వర్టర్ చూసుకుంటుంది గానీ, ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ నుంచి మెయిల్ పంపడం అయ్యే పని కాదు. ఐపీ అడ్రసు (నెట్‌లో మెషీన్ నంబరు) మారుతూ ఉంటుంది, బయటికి వెళ్ళే పోర్టు 25 (సర్వర్ల మధ్య మెయిళ్ళు పోయే దారి) చాలాచోట్ల మూసే ఉంటుంది. అది తెరిచి ఉన్నా, స్పామ్‌ను ఆపడానికి ఐపీల జాబితాలు నడిపే స్పామ్‌హాస్ వాళ్ళు ఇళ్ళ కనెక్షన్ల ఐపీలకు విడిగా ఒక జాబితా పెట్టారు. అందులో ఉన్న ఐపీ నుంచి నేరుగా మెయిల్ వస్తే చాలా సర్వర్లు తలుపు దగ్గరే ఆపేస్తాయి.

సభ్యుల పేర్లన్నీ కొత్త దాంట్లోకి ఎక్కించి, "ఇక రాయండి" అని చెప్పిన రోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "తమ్మీ, నేను పంపింది నాకే తిరిగొచ్చింది" అని ఒకరు. "పోయినట్టే ఉంది గని ఎవ్వరికీ రాలేదంట" అని ఇంకొకరు. "నాకు అందరివీ వస్తున్నయి, నావే ఎవరికీ పోతలేవు, జర చూడు" అని మిర్యాలగూడ సారు. అందరి నోటా ఒకటే మాట, మెయిల్ పోతలేదని. లోపల చూస్తే అవి వేర్వేరు జబ్బులు, ఒకదాని వెనక ఇంకొకటి దాక్కుని ఉన్నాయి.

ఇక్కడ నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఒక్క ఉత్తరాన్ని పట్టుకుని అది ఎక్కడ ఆగిందో లాగ్‌లో, అంటే సర్వర్ తన పనులు రాసుకునే చిట్టాలో, కళ్ళతో చూసేదాకా ఏ సెట్టింగూ ముట్టుకోకూడదు. నెట్‌లో వెతికితే ప్రతి ఎర్రర్‌కూ పది మందులు దొరుకుతాయి. అన్నీ వేస్తే రోగి ఉంటాడో పోతాడో తెలియదు.

ఉత్తరం వెంట పడటం పైకి కనిపించేంత తేలిక కాదు. బయటి నుంచి లోపలికి తీసుకున్న ప్రతి మెయిల్‌కూ పోస్ట్‌ఫిక్స్ ఒక క్యూ ఐడీ (వరుసలో దాని నంబరు) ఇస్తుంది. ఆ ఐడీతో లాగ్‌లో వెతికితే ఎవరి నుంచి, ఎవరికి, ఏమైంది అనేవి వరుసగా కనిపిస్తాయి. చివర్లో 'స్టేటస్' అని ఉంటుంది. సెంట్ (అందించింది), డిఫర్డ్ (తర్వాత మళ్ళీ ప్రయత్నిస్తుంది), బౌన్స్‌డ్ (తిరిగొచ్చింది), మామూలుగా ఈ మూడింట్లో ఏదో ఒకటి. మెయిలింగ్ లిస్టు దగ్గర మెలిక ఏమిటంటే, ఆ 'సెంట్' అంటే మెయిల్‌మాన్ చేతికి అందిందని మాత్రమే. మెయిల్‌మాన్ దాన్ని ముస్తాబు చేసి సభ్యులకు పంపమని మళ్ళీ పోస్ట్‌ఫిక్స్‌కే ఇస్తుంది. అప్పుడు క్యూ ఐడీ కొత్తది. పాత ఐడీతో వెతికేవాడికి కథ అక్కడితో అయిపోయినట్టు కనిపిస్తుంది. రెండు సగాలనూ కలిపేది ఉత్తరంలోనే ఉండే మెసేజ్ ఐడీ. షాపులో నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడికి ఇది చెప్పినప్పుడు, "అన్నా, అంటే ఒకే మెయిల్ రెండుసార్లు పుడ్తదా?" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

తిరిగొచ్చిన మెయిళ్ళ సంగతి ముందు తేలింది. 550 5.1.1, అంటే ఇక్కడ అట్లాంటి అడ్రసే లేదని మా పోస్ట్‌ఫిక్స్ చెబుతోంది. మెయిల్‌మాన్ 2లో లిస్టు అడ్రసులన్నీ ఏలియసెస్ ఫైల్లో ఉండేవి. మెయిల్‌మాన్ 3 ఆ పద్ధతి వదిలేసింది. లిస్టుల పట్టికను తానే ఒక ఫైలుగా రాసి పెడుతుంది, పోస్ట్‌ఫిక్స్ దాన్ని చూసి ఎల్‌ఎమ్‌టీపీ అనే పద్ధతిలో 8024 పోర్టుకు ఉత్తరం అందిస్తుంది. ఆ ఫైలు ఎక్కడుందో పోస్ట్‌ఫిక్స్‌కు రెండు చోట్ల చెప్పాలి, ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్స్‌లో ఒకసారి, లోకల్ రెసిపియెంట్ మ్యాప్స్‌లో ఒకసారి. నెట్‌లో దొరికే చాలా పాఠాల్లో మొదటిదే ఉంటుంది. రెండోది లేకపోతే ఉత్తరాన్ని ఎటు పంపాలో తెలిసి కూడా, ఆ పేరుగలవాళ్ళు ఎవరూ లేరని పోస్ట్‌ఫిక్స్ గుమ్మంలోనే వెనక్కి పంపేస్తుంది.

అది సరిచేశాక ఉత్తరాలు లోపలికి రావడం మొదలైంది. ఒక పూట బాగానే నడిచి, మధ్యాహ్నానికి అన్నీ డిఫర్డ్. 8024 దగ్గర ఎవరూ తలుపు తీయడం లేదు. కారణం మెయిల్ లాగ్‌లో లేదు, కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) లాగ్‌లో ఉంది. మెమరీ చాలక మెయిల్‌మాన్‌ను కెర్నెలే చంపేస్తోంది. మెయిల్‌మాన్ 3 ఒక్క ప్రోగ్రాం కాదు, ఒక్కో పనికి ఒక్కో రన్నర్ చొప్పున పైథాన్ ప్రాసెస్‌లు చాలానే లేస్తాయి. దానికి తోడు వెబ్ పేజీలు, పాత ఉత్తరాల నిల్వ. ఒక జీబీ ర్యామ్ ఏ మూలకూ చాలలేదు. స్వాప్ (డిస్కులో కొంత జాగాను మెమరీలా వాడుకోవడం) పెట్టి, తర్వాత ఇంకో జీబీకి డబ్బు కట్టాం. చందా పుస్తకం చూసుకునే సారు కాస్త గొణిగారు.

అప్పుడు అసలు అడ్డంకి కనిపించింది. లోపలికి వచ్చినవి బయటికి పోవడం లేదు. లాగ్‌లో ఏ ఊరికి పోయే ఉత్తరమైనా సరే, కనెక్షన్ టైమ్డ్ అవుట్ అనే వస్తోంది. ఒక్కచోట ఆగితే అవతలివాళ్ళ తప్పనుకోవచ్చు. అన్నిచోట్లా ఒకేలా ఆగుతోందంటే అడ్డం మన గుమ్మం దగ్గరే ఉన్నట్టు. సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీల్లో చాలామటుకు కొత్త ఖాతాలకు బయటికి వెళ్ళే పోర్టు 25ను మూసే ఉంచుతాయి, స్పామ్ పంపేవాళ్ళ భయంతో. మాదీ అదే కథ. టికెట్ పెట్టి, మేం ఎవరం, ఏం పంపుతాం, సభ్యులు తమంతట తాము ఎట్లా చేరతారు, ఎట్లా వెళ్ళిపోతారు అన్నీ రాయాల్సి వచ్చింది. మొదట ఒక రెడీమేడ్ జవాబు, తర్వాత ఇంకొకటి. మూడో మనిషి ఎవరో నిజంగా చదివి తెరిచారు. ఆలోగా ఉత్తరాలు పోతాయేమోనని మా వాళ్ళకు టెన్షన్. ఆ భయం అక్కర్లేదు. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా 5 రోజులు ఉత్తరాన్ని క్యూలో ఉంచుకుని, మధ్యమధ్య తనే ప్రయత్నిస్తూ ఉంటుంది. ఆ 5 రోజులు దాటేలా ఉంటే, గడువును తాత్కాలికంగా పెంచుకోవచ్చు.

పోర్టు తెరుచుకున్నాక సగం ఉత్తరాలు చేరాయి, సగం చేరలేదు. అదే జీమెయిల్‌కు పొద్దున పోయింది, సాయంత్రం పోదు. ఇట్లాంటివే మనిషిని పిచ్చెక్కిస్తాయి. లాగ్‌లో రెండు వరుసలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా అవతలి అడ్రసులో ఉంది. పోయినవి ఐపీవీ4 (పాత రకం ఐపీ అడ్రసు) దారిలో పోయాయి. తిరిగొచ్చినవి ఐపీవీ6 (కొత్త రకం) దారి పట్టాయి, వాటికి 550 5.7.25 అని జవాబు. అంటే మీ ఐపీకి పీటీఆర్ రికార్డు లేదని. పేరు నుంచి ఐపీకి దారి మన డీఎన్ఎస్‌లో (పేర్లకు ఐపీలు చెప్పే పట్టికలో) మనమే పెట్టుకుంటాం. ఐపీ నుంచి పేరుకు తిరుగుదారిని, అదే పీటీఆర్‌ను, మాత్రం ఆ ఐపీ ఎవరిదో వాళ్ళే పెట్టాలి, అంటే సర్వర్ అద్దెకిచ్చినవాళ్ళు. మా ఐపీవీ4కు అది ఉంది, ఐపీవీ6కు లేదు. వాళ్ళ కంట్రోల్ ప్యానెల్‌లో ఐపీవీ6కు ఆ సదుపాయమే కనపడలేదు. పోస్ట్‌ఫిక్స్‌ను ఐపీవీ4కే కట్టేశాను. ఇది గొప్ప పరిష్కారమని ఎవరూ అనరు. పని మాత్రం అయింది.

ఎస్‌పీఎఫ్, అంటే మా డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే డీఎన్ఎస్ రికార్డు, ఒక్క వరుసతో ముగిసింది. డీకిమ్ దగ్గర ఒక చిన్న ముల్లు ఉంది. డీకిమ్ అంటే పంపే ప్రతి ఉత్తరం మీదా మన సర్వర్ చేసే సంతకం. దాన్ని సరిచూసుకునే తాళంచెవి డీఎన్ఎస్‌లో టెక్స్ట్ రికార్డుగా ఉంటుంది. డీఎన్ఎస్‌లో ఒక్క స్ట్రింగ్‌కు (అక్షరాల వరుసకు) 255 అక్షరాలే హద్దు. 2048 బిట్ల కీ అందులో పట్టదు. రెండు ముక్కలు చేసి, ఒక్కోదాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టి, పక్కపక్కన రాయాలి. మా డొమైన్ అమ్మినవాళ్ళ పేజీ ఏం చేస్తోందంటే, పొడవు ఎక్కువైతే చడీచప్పుడు లేకుండా తోక కత్తిరించేస్తోంది. 'సేవ్ అయింది' అని పచ్చ రంగులో చూపిస్తుంది కూడా. డిగ్ కమాండ్‌తో బయటి నుంచి అడిగి, వచ్చిన జవాబును అసలు కీతో చివరి అక్షరం దాకా పోల్చాకే తోక లేదని తెలిసింది. పేజీలో కనిపించేదాన్ని నమ్మకండి. బయటివాళ్ళకు ఏం కనిపిస్తోందో అదే లెక్క.

ఇంత చేశాక చాలామందికి మెయిళ్ళు రావడం మొదలై, శుభం అనుకున్నారు. మిర్యాలగూడ సారు ఫోను మాత్రం ఆగలేదు. ఆయనకు అందరివీ వస్తాయి, ఆయనవి జీమెయిల్ వాళ్ళెవరికీ చేరవు. ఈలోగా ఇంకో వింత. అప్పటిదాకా బాగా మెయిళ్ళు అందుకుంటున్న జీమెయిల్ సభ్యులకు అకస్మాత్తుగా ఎవరివీ రావడం ఆగిపోయింది. ఒకరిద్దరు కాదు, గుంపులు గుంపులుగా. వాళ్ళు ఏమీ రాయలేదు, ఏమీ మార్చలేదు. లిస్టు పేజీలో చూస్తే వాళ్ళ పేర్ల పక్కన డెలివరీ ఆపినట్టు ఉంది, కారణం బౌన్సులు.

ఈ రెండూ ఒకే జబ్బు. ఇది అర్థం కావాలంటే మెయిల్‌కు పంపినవాళ్ళ పేరు రెండు చోట్ల ఉంటుందని తెలియాలి. పోస్టు కవరు మీద ఒక పేరు, లోపల ఉత్తరంలో ఒక పేరు ఉన్నట్టే. లిస్టు ద్వారా వెళ్ళే ఉత్తరానికి కవరు మీద లిస్టు అడ్రసు ఉంటుంది, లోపల 'ఫ్రమ్' దగ్గర రాసినాయన అడ్రసు. ఎస్‌పీఎఫ్ చూసేది కవరును. డీమార్క్ అడిగేది, లోపల కనిపిస్తున్న పేరు నిజంగా ఆ డొమైన్‌దేనా అని. కవరు మీది డొమైనో, డీకిమ్ సంతకం చేసిన డొమైనో, కనీసం ఒకటి లోపలి పేరుతో కలవాలి. కవరు మాది కాబట్టి కలవదు. సారు మెయిల్ కంపెనీ చేసిన సంతకం మిగిలి ఉంటే సరిపోయేది. కానీ లిస్టు ఏం చేస్తోంది? సబ్జెక్టు ముందు లిస్టు పేరు తగిలించి, కింద రెండు వరుసల ఫుటర్ అతికిస్తోంది. అక్షరం మారినా సంతకం చెల్లదు.

సారు అడ్రసు ఉన్న డొమైన్ డీమార్క్ పాలసీ 'రిజెక్ట్'. అంటే కలవకపోతే పారేయండి అని వాళ్ళే ప్రపంచానికి చెప్పి పెట్టారు. జీమెయిల్ ఆ మాట వింది, 550 5.7.26 అని వెనక్కి పంపింది. వినడం తప్పేమీ కాదు. 2014 ఏప్రిల్‌లో యాహూ మొదట తన డొమైన్‌కు ఈ రిజెక్ట్ పాలసీ పెట్టినప్పుడు, వెనకే ఏఓఎల్ పెట్టినప్పుడు, లోకంలోని మెయిలింగ్ లిస్టుల వాళ్ళంతా ఇదే గోడకు గుద్దుకున్నారు. అప్పటి నుంచే మెయిల్‌మాన్‌లో దీనికి మందు ఉంది. పాత సర్వర్‌లో అది పెట్టే ఉండి ఉంటుంది. దాని సెట్టింగుల ఫైలు పాడైపోయి తెరుచుకోలేదు కాబట్టి లిస్టును కొత్తగా సృష్టించాం. కొత్త లిస్టుకు మెయిల్‌మాన్ 3 డిఫాల్టుగా పెట్టేది 'ఏ మందూ వద్దు' అనే.

మరి మౌనంగా ఉన్న సభ్యులకు శిక్ష ఎందుకు పడింది? సారు ఉత్తరాన్ని జీమెయిల్ తిప్పి పంపితే, ఆ బౌన్సు, ఉత్తరం అందుకోవాల్సిన సభ్యుడి ఖాతాలో పడుతుంది. మెయిల్‌మాన్‌కు కనిపించేది ఈ అడ్రసుకు పంపింది తిరిగొచ్చిందని మాత్రమే, ఎవరి వల్ల అన్నది దానికి అక్కర్లేదు. రోజుకు ఒక్క పాయింటు మాత్రమే లెక్కిస్తుంది. 5 పాయింట్లు చేరితే ఆ అడ్రసుకు పంపడం ఆపేస్తుంది. కొన్నాళ్ళు బౌన్సు లేకపోతే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. సారు నెలకో ఉత్తరం రాసే మనిషైతే ఏమీ అయ్యేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్లలమర్రి దగ్గర మ్యూజియంలోని ఒక విగ్రహం గురించి ఆయనకూ పాలమూరు పంతులు గారికీ వాదం ముదిరింది. సారు రోజూ రాశారు. రోజుకో పాయింటు చొప్పున జీమెయిల్ వాళ్ళంతా వరుసగా రాలిపోయారు. అటువైపు వాదిస్తున్న పంతులు గారిదీ జీమెయిలే. ఆయన జవాబు ఇవ్వకపోయేసరికి తాను గెలిచానని సారు అనుకున్నారట.

మందు రెండు రకాలు. ఉత్తరాన్ని అసలు ముట్టుకోకుండా, సబ్జెక్టు మార్చకుండా, ఫుటర్ పెట్టకుండా పంపితే చాలావరకు సంతకం నిలుస్తుంది. లేదా 'ఫ్రమ్' దగ్గర రాసినాయన అడ్రసు తీసి లిస్టు అడ్రసు పెట్టి, పేరు మాత్రం ఆయనదే ఉంచాలి. అప్పుడు లోపలి డొమైనూ మనదే, సంతకమూ మనదే. నాకు మొదటిదే ఇష్టం, ఎవరి ఉత్తరం వాళ్ళ పేరు మీదే పోవాలి. పెద్దలు మాత్రం సబ్జెక్టు ముందు లిస్టు పేరు ఉండాల్సిందే అన్నారు, లేకపోతే పెన్షన్ మెయిళ్ళలో కలిసిపోతుందట. చివరికి రెండో మందు వేశాను, అందరికీ కాకుండా, డొమైన్ పాలసీ రిజెక్ట్ గానీ క్వారంటైన్ (కలవకపోతే స్పామ్‌లో వేయండి) గానీ ఉన్నవాళ్ళకు మాత్రమే. మెయిల్‌మాన్ ప్రతి ఉత్తరానికీ ఆ డొమైన్ పాలసీ చూసి తనే తేల్చుకుంటుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. ఒక్కరికే అనుకున్న జవాబు లిస్టు మొత్తానికి పోయే ప్రమాదం పెరుగుతుంది, ఎందుకంటే సారు పేరు వెనక ఉన్నది లిస్టు అడ్రసు. ఫోన్లలో చాలామంది కొత్త మెయిల్ రాసేటప్పుడు పేరు మొదటి రెండు అక్షరాలు కొట్టి పైకి వచ్చినదాన్ని నొక్కేస్తారు. అట్లా ఒకరి ఇంటి పెండ్లి సంబంధం కబురు, అబ్బాయి జీతంతో సహా, అందరికీ చేరింది. సంబంధం మాత్రం కుదిరింది.

ఫుటర్ కథ కూడా చెప్పాలి. లిస్టులోంచి వెళ్ళిపోవాలంటే ఏం చేయాలో తెలుగులో రెండు వరుసలు పెట్టాం. మామూలు టెక్స్ట్ మెయిళ్ళకు చక్కగా కింద అతుక్కుంటోంది. ఫోన్ల నుంచి వచ్చేవి ఎక్కువగా హెచ్‌టీఎమ్‌ఎల్. వాటికి మెయిల్‌మాన్ ఫుటర్‌ను విడి భాగంగా జతచేస్తుంది, కొన్ని ఫోన్లలో అది అటాచ్‌మెంట్‌లా కనిపిస్తుంది. "ప్రతి మెయిల్‌కూ ఏదో ఫైలు అంటుకొని వస్తున్నది, వైరసేమో తెరువకండి" అని దేవరకొండ మేడమ్ ఒకరు లిస్టులోనే హెచ్చరిక రాశారు. ఆ హెచ్చరికకూ అదే ఫైలు అంటుకుంది. ఫుటర్ తీసేశాను. వెళ్ళిపోయే దారి హెడర్‌లో (ఉత్తరం పైన మామూలుగా కనపడని వరుసల్లో) ఎట్లాగూ ఉంటుంది, జీమెయిల్ దాన్ని చూసి పైన అన్‌సబ్‌స్క్రైబ్ అని చూపిస్తుంది. 2024లో జీమెయిల్ తనకు రోజుకు 5,000 పైన పంపేవాళ్ళకు ఒక్క నొక్కుతో వెళ్ళిపోయే ఏర్పాటు తప్పనిసరి చేసింది. మనం ఆ లెక్కకు ఆమడ దూరంలో ఉన్నాం గానీ, పీటీఆర్, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం లోపు ఉండటం లాంటివి చిన్నవాళ్ళకూ వర్తిస్తాయి. అందుకే లిస్టు నచ్చనివాళ్ళు 'స్పామ్' నొక్కకుండా నాకు ఒక్క ఫోన్ చేయండి, నేనే తీసేస్తానని బతిమాలాను.

ఆగిపోయిన సభ్యులను తిరిగి లేపడం ఒక చిన్న స్క్రిప్టు పని. కానీ వాళ్ళు మధ్యలో పోగొట్టుకున్న ఉత్తరాలు వాటంతట అవి రావు. ఆ రోజుల చర్చ మొత్తాన్ని ఒక్క డైజెస్టుగా కట్టి పంపాను. పంతులు గారి జవాబు ఆ రాత్రే వచ్చింది, నాలుగు పేజీలు, విగ్రహం ఫొటో మీద ఎర్ర గీతలతో.

ఇక మిగిలినవి రెండు పనులు. మెయిళ్ళు దారిలో ఎవరూ చదవకుండా కనెక్షన్‌ను కాపాడే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ గడువు 90 రోజులు, అది తనే రెన్యూ అవుతుంది గానీ పోస్ట్‌ఫిక్స్‌ను రీలోడ్ చేయకపోతే పాతదే చూపిస్తూ ఉండవచ్చు. రెన్యూ అయిన ప్రతిసారీ రీలోడ్ అయ్యేలా ఒక వరుస రాసి పెట్టాను. రెండోది మా సొంత డొమైన్ డీమార్క్. ప్రస్తుతం పాలసీ 'నన్' (కలవకపోయినా ఏమీ చేయొద్దు) మీద ఉంది, పెద్ద కంపెనీల నుంచి రోజూ రిపోర్టులు వస్తున్నాయి. మా పేరుతో పోతున్నవన్నీ మా ఐపీ నుంచే పోతున్నాయని ఇంకొన్నాళ్ళు చూసుకుని క్వారంటైన్‌కు మారుస్తాను. నిన్నటి రిపోర్టులో తెలియని ఐపీ ఒకటి కనిపించింది. వాకబు చేస్తే, మా లిస్టు నుంచి తనకు వచ్చినవన్నీ కాలేజీ అడ్రసు నుంచి ఇంటి అడ్రసుకు ఫార్వర్డ్ పెట్టుకున్న గద్వాల లెక్చరర్ గారిదని తేలింది.